అసిరమ్మ హిందీ

బారువ తీరాన చేపలు ఎండబెట్టే ఆడవాళ్లలో హిందీ వచ్చింది అసిరమ్మ ఒక్కదానికే. పెనిమిటి గుజరాత్ పడవల మీద పనిచేసిన పన్నెండేళ్లూ ఆమె అక్కడి రేవులో రొయ్యలు ఒలుస్తూ నేర్చుకుంది. చుట్ట నిప్పును నోటిలోపలికి పెట్టుకుని మరీ రెండు భాషల్లోనూ బేరమాడుతుంది. మిగతావాళ్లు ఆమె పెదాలకేసి చూస్తూ నిలబడతారు. మొన్న రాయపూర్ షావుకారు ఆమె బుట్టను ముందే వ్యానులోకి ఎక్కించి, నవ్వుతూ హిందీలో అన్నాడు: “నీ సరుకుకి పూర్తి ధర ఇస్తాను. వాళ్ల సరుకు ఆరలేదని చెప్పి సగం ధరకి ఒప్పించు.” ఆ నవ్వుని చీపురుతో కొట్టినా పాపం లేదు.

“ఏటంతన్నాడు పిన్నీ?” అని అడిగింది రోజా. వారం రోజులు ఎండలో కాకుల్ని తోలుతూ తన చేపలు ఎండబెట్టింది ఆ పిల్ల.

అసిరమ్మ చుట్ట తీసి ఉమ్మింది. “నీ సరుకు ఆరనేదని అబద్దం సెప్పమంతన్నాడే! నాకు మాత్రం పూర్తి దరిత్తాడట. పరాయి రేవులో సాకిరీ సేసి నేర్సుకున్న బాస, నా వోళ్ల నోరు కొట్టడానికా? సచ్చినోడు!”

రోజా బుట్టలోంచి ఒక చేప తీసి షావుకారు చెవి దగ్గర విరిచింది. టప్పుమంది. ఆరని చేపైతే వంగుతుందే తప్ప అలా విరగదని చేపల షావుకారికి ఎవరూ చెప్పక్కర్లేదు. అసిరమ్మ “అందరికీ ఒకే ధర” అని హిందీలో చెప్పి, జవాబు కోసం ఆగకుండా వ్యానెక్కి, ముందు తన బుట్టను కిందికి దించుకుంది.