నాన్నమ్మ రాయి ఉన్న చోటు

మొన్న ఆదివారం మా బాబాయి కొడుకు నా ఫోనుకి ఒక ఫోటో పంపాడు. మా ఊరి సమాధుల దొడ్డిలో నిలబెట్టిన నల్ల గ్రానైటు పలక, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో పోయినవాళ్ల పేర్లన్నీ, కింద ‘అంతా నీ పుస్తకం చలవే అక్కా’ అని రాసి రెండు దణ్ణాలు. ఆ దణ్ణాలు చూసేసరికి ఒళ్లు మండింది నాకు.

ఆ పుస్తకం మొదలైంది హుద్‌హుద్ తుఫాను వెళ్లిన నెలలో. పాతపట్నం అవతల మా ఊళ్లో సమాధుల మీద చెట్లు కూలాయని తెలిసి, పాత రాతలు పోకముందే ఎత్తి రాసుకుందామని కాలేజీకి సెలవు పెట్టి వెళ్లాను. పైకి చెప్పిన కారణం అది, అసలు కారణం మా మేనత్త. తనకి పదేళ్లప్పుడు మా నాన్నమ్మ బాబాయిని కని పురిట్లోనే పోయింది. ఆ పసిగుడ్డుని పెంచింది మా అత్తే. పెళ్లయి, మొగుడు పోయి తిరిగొచ్చాక కూడా ఆ ఇంటికే చాకిరీ చేసింది. తనకి ఉన్న కోరికల్లా, పోయాక అమ్మ పక్కన పడుకోవాలని. కానీ అమ్మ ఏ రాయి కింద ఉందో తెలిస్తే కదా! నవంబరులో మా క్రైస్తవులు చేసుకునే సమాధుల పండగకి ముందు రాళ్లకి సున్నం కొట్టడం మావాళ్ల ఆనవాయితీ, ఏటేటా పొర మీద పొర పడి అక్షరాలన్నీ పూడిపోయాయి. పక్కపక్కనున్న రెండు రాళ్లలో ఏదో ఒకటని మాత్రం గుర్తుండి, అత్త ప్రతి ఏడూ రెండింటికీ చెరో కొవ్వొత్తి వెలిగించేది. “అమ్మ కానిది ఎవులో గాని, దానికి మాత్రం ఎలుగొద్దేటే” అనేది.

తడి గోనెసంచులు కప్పి, సున్నం నానాక వెదురు బద్దతో గీకేవాళ్లం. ఇనుము తగలనిచ్చేది కాదు అత్త, “మెల్లగా గీకే, అది కొబ్బరిసిప్ప కాదు!” అని అరిచేది. పొద్దువాలాక అద్దం పట్టి ఎండని రాయి మీదకి ఏటవాలుగా తిప్పితే, అరిగిన అక్షరాలు నీడ పట్టి పైకి లేచేవి. మూడో రోజున ఎడంవైపు రాయి మీద నాన్నమ్మ పేరు బయటపడింది. పైకి చదివాను. అత్త ఏడవలేదు. కొంగుతో ఆ రాయి తుడిచి, పక్క రాయి వంక చూసి, “ఇన్నేళ్లూ ఉత్తినే తిన్నావు గదే నా కొవ్వొత్తులు!” అని నవ్వింది. తర్వాత నాన్నమ్మకి అటుపక్కనున్న ఖాళీ నేల చూపించి, “ఇదే నా సోటు, రాసుకో” అంది.

రాసుకున్నాను, చిత్తు కాగితం మీద. ఇంటికొచ్చాక నా చదువు నన్ను నిండా ముంచింది. రాళ్లు ఉన్న వరసలో రాస్తే గజిబిజిగా ఉంటుందని, రేషన్ కార్డులోలా ఇంటిపేర్ల వారీగా సర్ది, నోటుబుక్కులో ముత్యాల్లాంటి అక్షరాలతో శుద్ధప్రతి రాసుకుని చిత్తు కాగితాలు చింపేశాను. “ఏ రాయి పక్కన ఏ రాయో రాసినావేటే?” అని అత్త అడిగితే, రాళ్లెక్కడికి పోతాయత్తా అన్నాను, తెలివైనదానిలా.

పోయాయి. మూడేళ్లకి అత్త తుంటి విరిగి శ్రీకాకుళంలో మా ఇంట్లో మంచాన పడితే, అదే సమయంలో చర్చి సంఘం కమిటీకి పెద్దయిన మా బాబాయి, నా పుస్తకం కావాలని పట్టుకెళ్లి పేర్లన్నీ పలక మీద చెక్కించి, పాత రాళ్లని సుత్తులతో పగలగొట్టించి, కాంక్రీటు కింద వేసి, పైన టైల్సు పరిపించాడు. నాకొక్క మాట చెప్పలేదు. అత్త పోయి, శవపెట్టె ఊరికి తీసుకెళ్లిన రోజే చూశాను.

టైల్సు పగలగొట్టండన్నాను. “ఎక్కడ పగలగొట్టమంతారమ్మా?” అన్నారు గునపాలు పట్టినవాళ్లు. పుస్తకం తెప్పించి అందరి మధ్యా నిలబడి తిరగేశాను. పుట్టిన తేదీలు, పోయిన తేదీలు, బైబిలు వాక్యాలు, ఒక్క అక్షరం తప్పు లేదు. ఏ రాయి ఎక్కడుందో మాత్రం ఒక్క ముక్క లేదు. బాబాయి దగ్గరికొచ్చి, ప్రహరీ గోడవార మిగిలిన ఖాళీ చూపించి, “ఎక్కడైతే ఏటే, అంతా మన్నే కదా” అన్నాడు. “నిన్ను కని చచ్చిపోయిన మనిషి మీద టైల్సు పరిచావు, పెంచినదానికి గోడవార చూపిస్తున్నావు. సిగ్గుందా నీకు?” అని అందరి ముందూ కడిగేశాను. తిట్టడానికి నాకు ఆయన దొరికాడు. నన్ను తిట్టాల్సిన మనిషి పెట్టెలో ఉంది.

గోడవారే పెట్టాం. ఇప్పుడక్కడ ముళ్లు లేవు, పాములు లేవు, దూరం నుంచే పేర్లు చదువుకోవచ్చు, పక్కన నిలబడి ఫోటోలు దిగొచ్చు. మా చిన్నప్పుడు అక్కడి ఆడవాళ్లలో సగంమందికి అక్షరం ముక్క రాదు, అయినా కాస్త అటూ ఇటూగానైనా ఎవరి పక్కన ఎవరున్నారో తెలిసేది. వెళ్లి ఆ మట్టి దగ్గర చతికిలబడి, బతికున్న మనిషితో తగువాడినట్టు ఇంటి సంగతులన్నీ ఏకరువు పెట్టి వచ్చేవాళ్లు. ఇప్పుడు పండగపూట పలక ముందు వరసలో నిలబడి, వంతు రాగానే దణ్ణం పెట్టి కదిలిపోతున్నాం. కింద కూర్చునేవాళ్లే లేరు. ఎవరి దగ్గరని కూర్చుంటారు?