మొగలితోట బంగళాకు వీధి గుమ్మం ఎటు?

నేను కాపురానికి వచ్చేసరికి నాకు ఇద్దరు అత్తగార్లు. ఒకరు మా ఆయన లక్ష్మీకాంత్ తల్లి, నాగేశ్వరి గారు. రెండోది మొగలితోట బంగళా. మొదటావిడతో ఎలాగోలా నెట్టుకొచ్చాను గానీ రెండోదాన్ని మెప్పించడం నా తరం కాలేదు. పప్పు పలచనైతే బంగళాలో ఇలా ఉండేది కాదు. పక్క దుప్పటి ముడతపడితే బంగళాలో ఇలా పరిచేవారు కాదు. బరంపురంలో మా చిన్న ఇంట్లో నేను చేసే ప్రతి పనికీ, నేను ఎన్నడూ చూడని ఆ బంగళా వంక పెట్టేది.

గంజాం ఊరు దాటాక, రుషికుల్య ఒడ్డున, మొగలిపొదల మధ్య ఒక జమీందారు కట్టించుకున్న విడిది అది. అత్తయ్య తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చి అక్కడ వంటకు కుదిరాడు. ఆవిడ అక్కడే పుట్టింది, పరికిణీలు కట్టే వయసు దాకా అక్కడే పెరిగింది. జమీందారీలు పోయి, కొన్నాళ్లకు బంగళాలో పొయ్యి చల్లబడితే కుటుంబం బరంపురం చేరింది. రైల్వేలో పాయింట్‌మేన్‌తో పెళ్లయింది. కొడుకు నిక్కర్లలో ఉండగానే ఆయన పోయాడు. ఆవిడ బడాబజారు దుకాణాలకు అప్పడాలు ఒత్తి కొడుకుని చదివించి బ్యాంకులో కూర్చోబెట్టింది. అంత బతుకు ఈదిన మనిషి కాబట్టి తన మాటే వేదం. "పొరపాటు నాది" అని ఆవిడ అనగా నేను వినలేదు, విన్నవాళ్లనూ చూడలేదు.

అలాంటి మనిషి ఈ ఏడు పొయ్యి మీద పాలు మరిచిపోయింది. ఒకసారైతే పోనీలే అనుకోవచ్చు. తర్వాత గుడి నుంచి వస్తూ మా సందు కాక పక్క సందులోకి తిరిగి, ఎవరి ఇంటి ముందో నిలబడి తాళం తీయబోయింది. లక్ష్మీకాంత్ బెంబేలెత్తిపోయాడు. ఫోనులో అవీ ఇవీ చూసి, మతిమరుపు డాక్టరు దగ్గర సోమవారానికి పేరు రాయించాడు. ఈలోపల గ్యాసు ముట్టుకోవద్దన్నాడు, అప్పడాలు మానెయ్యమన్నాడు, గడప దాటితే ఎవరో ఒకరు తోడుండాలన్నాడు. అత్తయ్య కొడుకుతో మాట్లాడడం మానేసింది.

అప్పుడే తెలిసింది, మొగలితోట బంగళాకు రంగులు వేయించి, టికెట్టు పెట్టి జనాన్ని రానిస్తున్నారని. ఆదివారం ఆవిడను తీసుకెళ్దామన్నాడు. సంతోషపడ్డాను. ఆ తర్వాత వంటింట్లోకి వచ్చి మెల్లగా అసలు మాట చెప్పాడు. అమ్మకు ఏది గుర్తున్నా లేకున్నా బంగళా గుర్తుండాలి, అదీ తప్పితే ఇక డాక్టరు చెప్పేదేమీ ఉండదు అని. తల్లిని సరదాగా తిప్పడానికి కాదు, పరీక్షకు తీసుకెళ్తున్నాడన్నమాట. నాకు ఒళ్లు మండింది. అయినా నోరు మూసుకున్నాను. నిజం చెప్పాలంటే నాకూ తెలుసుకోవాలనే ఉంది.

పొద్దున్నే బయల్దేరి ఛత్రపురం దాటి వెళ్లాం. దారంతా అత్తయ్య పెళ్లికూతురిలా కూర్చుంది. కారు నది వైపు గేటులోంచి వెళ్లి పెద్ద తెల్లటి స్తంభాల ముందు ఆగింది. ఆవిడ దిగి, తలెత్తి చూసి, అక్కడే నిలబడిపోయింది.

"ఇది మా బంగళా కాదు," అంది.

బంగళా చూపించడానికి నీహారిక అనే అమ్మాయి వచ్చింది. బరంపురం పిల్లే, తెలుగూ ఒడియా కలిపి మాట్లాడుతుంది, పిన్నీ అనడానికి మావుసీ అంటుంది. ఇదే మావుసీ, ఇక్కడ ఇంకో బంగళా లేదు అంది. అత్తయ్య ఆకాశం వైపు చూసింది. పొద్దు వీధి గుమ్మానికి ఎదురుగా ఉండాలి, ముగ్గేస్తుంటే మొహం మీద కొట్టేది, ఇదేమిటి ఇంటి వెనకుంది అంది. గుమ్మం ముందు నుయ్యి ఉండాలంది. అక్కడ పూలకుండీలు తప్ప ఏమీ లేవు. లోపలికి వెళ్తూనే మేడమెట్లు కుడిచేతి వైపని చెప్పి అటు తిరిగింది. అటు గోడ ఉంది. మెట్లు ఎడమ వైపున ఉన్నాయి. ధాన్యపు గది ఎడమ వైపన్నది, అదీ కుడి వైపు తేలింది. ఆవిడ ఒకటి చెప్పడం, నీహారిక పాపం మర్యాదగానే కాదనడం. ప్రతి తప్పుకూ లక్ష్మీకాంత్ మొహం ఒక్కొక్క వీసం వాడిపోతూ వచ్చింది.

నాకు ఏం అర్థం కాలేదు. ఎవరైనా కొంచెం తప్పు చెప్తారు. ఉన్నవన్నీ చెబుతూ, ఉన్న చోటు మాత్రం అన్నిటికీ తప్పు చెప్పే మతిమరుపు ఎక్కడైనా ఉంటుందా? లేక ఈవిడ ఇన్నేళ్లూ మాకు చెప్పిందంతా కట్టుకథేనా? ఆ లేని బంగళాకు భయపడి నేను ఇన్నాళ్లు దుప్పట్లు లాగి లాగి పరిచానా?

పెద్ద హాలు మధ్యలో షాండ్లియర్ కింద అత్తయ్య ఆగింది. నా చెయ్యి పట్టుకుంది. "నానే మర్సిపోనాను గావాల, జ్యోతీ. పొరపాటు నాదే," అంది.

ఆ మాట కోసం ఎన్నేళ్లు కాచుకున్నానో ఆ దేవుడికే తెలుసు. తీరా విన్నాక, ఆవిడ తప్పు ఒప్పుకోకుండా నాతో పోట్లాడితే బాగుండుననిపించింది. ఇక చూసింది చాలని, మొహం కడుక్కుందురుగాని రండి అని బయటకు తీసుకెళ్లాను. వచ్చినవాళ్ల కోసం కొత్తగా కట్టిన బాత్‌రూములు బంగళా వెనకాల ఉన్నాయట. ఇంటి చుట్టూ తిరిగి వెళ్లాం.

మొహం తుడుచుకుంటూ బయటకు వచ్చిన మనిషి కొంగు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఎదురుగా ఇనుప జాలీ వేసి మూసిన పాత నుయ్యి. దాని అవతల, బంగళా వెనక గోడకు, పొగ చూరిన చిన్న గుమ్మం. దాని మీద ఎండ సూటిగా పడుతోంది. స్తంభాల ముందు విప్పని చెప్పులు ఆవిడ ఇక్కడ విప్పింది. గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, నేల మీద వేలితో చుక్కలు పెట్టినట్లు నాలుగు చోట్ల తాకింది.

"వీధి గుమ్మం ఇదీ," అంది.

ఇక నన్ను పట్టుకోనివ్వలేదు. లోపలికి నడిచింది. పొయ్యిగడ్డ దాటింది, నడవా దాటింది. మేడమెట్లు కుడిచేతి వైపు వచ్చాయి. ధాన్యపు గది ఎడమ వైపు. అన్నీ ఆవిడ చెప్పిన చోటే ఉన్నాయి. వెనకాలే పరిగెత్తుకొచ్చిన లక్ష్మీకాంత్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నీహారిక నవ్వి, అది వంటింటి గుమ్మం మావుసీ, ఇంటికి ముందు వైపు నదివైపే అంది.

అత్తయ్యకు నిజంగానే అర్థం కాలేదు. "మాయమ్మ రోజూ ముగ్గేసింది ఇక్కడే గదా. ముగ్గేసిన వైపు ఎనకేపెలాగవుతాదే?" అంది. నది వైపు పెరడని, అక్కడ కుక్కలు కట్టేస్తారని, అటు అడుగు పెట్టొద్దని నాన్న చెప్పేవాడట. పిల్లలు అటు పోయి దొరగార్ల కంటపడకుండా ఆయన చెప్పిన మాట అది. ఆవిడ దాన్ని అలాగే నమ్మి, ముందును వెనక చేసుకుని ఇంత వయసుకు వచ్చింది. మేం ఇందాక నిలబడిన హాలు ఆవిడ చిన్నప్పుడు చూడనే లేదు. ఇన్నేళ్లూ నా ప్రాణం తీసిన బంగళా ఒక వంటిల్లు, ఒక నడవా, ఒక ధాన్యపు గది.

లక్ష్మీకాంత్ గుండెల మీంచి బరువు దిగింది. అమ్మకు ఏమీ లేదు, సోమవారం వెళ్లక్కర్లేదు అని నా చెవిలో అన్నాడు. అత్తయ్య మాత్రం నూతి గట్టు మీద కూర్చుండిపోయింది.

"అయితే నాను సూసిందంతా ఎనకేపేనేటి?" అని అడిగింది.

గుమ్మం దగ్గర ఆవిడ విప్పిన చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాను. దుఃఖం వచ్చింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి మా వీధి గుమ్మం ముందు అత్తయ్య రోజూ వేసే ముగ్గు లేదు. వెతుక్కుంటూ వెళ్తే పెరటి గుమ్మం ముందు, గిన్నెలు తోమే కుళాయి పక్కన, మెలికల ముగ్గు నిండుగా ఉంది. లక్ష్మీకాంత్ నా వెనకాలే వచ్చి చూశాడు. మొహం మళ్లీ వాడింది. డాక్టరుకు పేరు తీసేయమని చెప్పడానికి చేతిలో పట్టుకున్న ఫోను జేబులో పెట్టేసుకున్నాడు.

గుమ్మాలు మళ్లీ తారుమారయ్యాయా అని అత్తయ్యను మెల్లగా అడిగాను. ఆవిడ చేతికంటిన పిండి దులుపుకుంటూ నా వైపు పిచ్చిదాన్ని చూసినట్లు చూసింది. "ఆదిలక్ష్మి ఇటేపునుండి గదా వస్తాది. దానికిదే వీధి గుమ్మం," అంది. ఆదిలక్ష్మి మా పనిమనిషి. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ పెరటి గుమ్మంలోంచే వస్తుంది. "అటేపు నువ్వేసుకో," అని ముగ్గు డబ్బా నా చేతిలో పెట్టింది.

ఇది మతి పోవడమో, మతి రావడమో నాకు తెలియలేదు. డబ్బా పట్టుకుని అక్కడే నిలబడి ఉండగా ఆదిలక్ష్మి వచ్చింది. ముగ్గు చూసి టక్కున ఆగింది. తొక్కడానికి కాలు రాక, కొత్తగా ఏమైనా మార్చారేమోనని నా మొహం చూసింది.

"నానింక ఎటునుండి రావాలమ్మా?" అని అడిగింది.

నేను లక్ష్మీకాంత్ వైపు చూశాను. అతను జేబులోంచి ఫోను తీసి, మళ్లీ పెట్టుకుని, పక్కకు జరిగి ఆదిలక్ష్మికి దారిచ్చాడు.