నడుమ కోసిన గొట్టం

మిర్యాలగూడ దగ్గర బస్సు నెమ్మదించగానే రైస్ మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన గుప్పున కొట్టింది. ఆ వాసనకు ఎవరికైనా ఆకలేస్తుందేమో, నాకు మాత్రం గుండె జారుతుంది. వెంటనే సువర్ణ మేడం గుర్తొస్తారు.

సూర్యాపేట పక్కన ఒక చిన్న ప్రయోగశాలలో ఆమె నా పైఅధికారి. రెండు రకాల పాలిమర్లను కలిపి కరిగించి, కరెంటు బలంతో వెంట్రుక కంటే సన్నని దారం తీసి, తిరిగే కడ్డీకి చుట్టి గొట్టాల్లాంటి కృత్రిమ రక్తనాళాలు తయారుచేసేవాళ్లం. ఒక పాలిమర్ సాగుతుంది, ఇంకొకటి గట్టిగా నిలబడుతుంది. మేడం నాన్న మిర్యాలగూడ మిల్లులో వడ్లు పరీక్షించే మనిషి. బస్తా నడుమకు ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీసేవారట. "మూతి కాడ అందరూ మంచియే పోస్తరు, నడుమ సూడాలె" అనేవారు మేడం. అందుకే ప్రతిసారీ చేసినవాటిలో ఒక గొట్టాన్ని నడుమకు కోసి పరీక్షించాలి. ఆ ఒక్కటీ పోయినట్టే.

ఒక వానాకాలం మూడే గొట్టాలు వచ్చాయి. వారం రోజుల కష్టం, కోయడానికి మనసొప్పలేదు. కొసలు ఎలాగూ కత్తిరించి పారేసేవే కదా అని వాటినే పరీక్షించి, కాగితం మీద 'నడుమ' అని రాసేశాను. రెండు గొట్టాలు హైదరాబాదు వెళ్లిపోయాయి, కోయని మూడోది నా దగ్గరే ఉండిపోయింది. మర్నాడే వాటిని ప్రయోగం కోసం గొర్రె మెడలో కుట్టాలి.

మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి మళ్లీ మూసేశాను. చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే, ఆ మూగజీవి మెడలో అది చిట్లితే? చివరికి వెళ్లి ఆమె గది గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"నడుమ కోయలేదండీ మేడం. కొసలే చూశానండీ." మాది కోదాడ. భయమేస్తే నాకు 'అండీ'లు ఎక్కువవుతాయి.

ఆమె ముఖం పాలిపోయింది. ముందు ఫోన్ చేసి ఆపరేషన్ ఆపించారు. తర్వాత మిగిలిన గొట్టాన్ని నా చేతే నడుమకు కోయించారు. ఆ ముక్కలోకి ఎర్రనీళ్లు ఒత్తిడితో ఎక్కిస్తుంటే దాని ఒళ్లంతా ఎర్రటి చెమట పట్టింది, ఆ వెంటనే చిట్లి నా కోటు మీద చిమ్మింది. చెమ్మగాలికి దారం ఉండలు కట్టింది. కొసల్లో చుట్లు ఎక్కువ పడి ఆ లోపాన్ని కప్పేశాయి.

"నన్ను తీసేస్తారా మేడం?"

"తీసేద్దామనే అనుకున్న. కానీ భయపడి వచ్చినవ్ గదా. భయం లేనోళ్ల చేతికి మనుషుల నరాలియ్యొద్దు బిడ్డా. ఇగ ఆ కాగితం కొట్టేసి మల్ల రాయి."

మేడం ఇప్పుడు లేరు. ఆ పరీక్షలు నా చేతికొచ్చాయి. గొట్టాలు ఎప్పుడూ తక్కువే, తొందర ఎప్పుడూ ఎక్కువే. బ్లేడు నడుమకు ఆనించగానే ఇప్పటికీ చేయి వణుకుతుంది. వణకని రోజు సంతకం పెట్టను.