రజియా మేడం రంగు

సైనిక్‌పురిలో ఫోటో స్టూడియో అద్దం ముందు దువ్వెన, పక్కనే పౌడర్ డబ్బా. మూత తియ్యగానే వచ్చిన ఆ వాసనకి నాకు నవ్వాగలేదు. నా కొత్త పుస్తకం వెనక అట్టకి ఫోటో దిగడానికి వెళ్ళినదాన్ని, పదిహేనేళ్ళ కిందటి రజియా మేడం దగ్గరికి వెళ్ళిపోయాను.

మేడం సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర, ఒక స్టేషనరీ కొట్టు పైన చిన్న ప్రచురణ సంస్థ నడిపేవారు. వాళ్ళది ఖమ్మం, ఇంట్లో కూడా తెలుగే. మా పనిలో తప్పు దొరికితే ఆవిడ కోప్పడేవారు కాదు, పిలిచి చాయ్ తెప్పించేవారు. అందుకే ఆఫీసులో చాయ్ అంటే అందరికీ గుండెదడ. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అమెరికా నల్లజాతి రచయిత్రి నవల ఒకటి అనువాదానికి ఇచ్చారు. అది నచ్చితేనే ఉద్యోగం ఖాయం. ప్రాణం పెట్టి చేశాను. రాతప్రతి ఇచ్చిన మూడో రోజున నాకు చాయ్ వచ్చింది.

"ఈ నవలల పిల్ల ఇంగ్లీషుల ఏ రంగు?" అన్నారు మేడం, కాగితాలు తిరగేస్తూ.

"నలుపు మేడం."

"మరి మూడో పేజీల చామనఛాయ అన్నవ్. నలభైకొచ్చేసరికి గోధుమరంగైంది. సికింద్రాబాద్ స్టేషన్ల దిగి పౌడర్ కొట్టుకున్నదా?"

నల్లగా ఉంటే పాఠకులకి కథానాయిక మీద మనసు పోదేమోనని నసిగాను. నిజం చెప్పాలంటే ఆమెకి మేలు చేస్తున్నాననే అనుకున్నాను. మేడం ఒక తెల్లకాగితం నా ముందుకు తోసి, తనెలా ఉంటారో ఒక్క వాక్యంలో రాయమన్నారు. ఆవిడది అచ్చమైన నలుపు. దాని మీద కావాలని పసుపుపచ్చ చీరలే కట్టేవారు. అయినా నాకు ఉద్యోగం కావాలి కదా. చామనఛాయ అని రాశాను.

ఆవిడ అది చదివి, బైండింగ్ చేసే యాదగిరిని పిలిచి అదే మాట అడిగారు.

"నల్లగుంటరు," అన్నాడతను, చేతికంటిన జిగురు తుడుచుకుంటూ. "ఎందుకు మేడం, ఎవరన్న మిమ్ముల దేవులాడుకుంట వచ్చిన్రా?"

మేడం పడీపడీ నవ్వారు. నవ్వు ఆగాక నా వైపు తిరిగి, "నీ రంగేంది బిడ్డా?" అన్నారు.

నాదీ నలుపే. పెళ్ళి సంబంధాల కాగితంలో మాత్రం అమ్మ చామనఛాయ అని రాసి పంపేది. ఆ ప్రశ్నకి నాకు ఏడుపొచ్చింది.

"ఆ పిల్ల రంగు నువ్వు గుంజుకున్నవ్. తిరిగి ఇచ్చెయ్," అన్నారు మేడం, చాయ్ గ్లాసు నా చేతికందిస్తూ.

వారం రోజులు కూర్చుని మొదటినుంచి దిద్దుకొచ్చాను. నల్లని చేతులు, నల్లని మెడ, అద్దంలో చూసుకుని మురిసిపోయే నల్లని ముఖం. ఆ ఊపులోనే అమ్మ దగ్గరున్న సంబంధాల కాగితం తీసి, అక్కడా దిద్దాను. అమ్మ ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. పుస్తకం వచ్చింది, ఉద్యోగం నిలబడింది. మేడం పోయి రెండేళ్ళైంది. ఇప్పటికీ ఎవరు చాయ్ ఇచ్చినా, తప్పేం చేశానా అని ముందు వెతుక్కుంటాను.

స్టూడియో ఆయన నా ముఖాన్ని కంప్యూటర్‌లో పెట్టి, "జెర తెల్లగ చేస్తనమ్మా, అందరికీ చేస్తం," అన్నాడు. వద్దన్నాను. ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి వద్దన్నాను. ఉన్నదున్నట్టు ప్రింటు తీసి కవరులో పెట్టి ఇస్తూ, ఎవరైనా అడిగితే తన స్టూడియో పేరు మాత్రం చెప్పొద్దని బతిమాలాడు. బయటికొచ్చి ఎండలో కవరు తెరిచి చూసుకున్నాను. నేనే. మేడం ఉండి ఉంటే, యాదగిరిని పిలవాల్సిన పని లేకుండానే గుర్తుపట్టేవారు.