నేను మూసేసిన పాత కార్డు

నగర్తపేటలో మా బావకు, అంటే అక్క భర్తకు, చిన్న ఎంబ్రాయిడరీ వర్క్‌షాపు ఉంది. పెళ్లిళ్ల సీజన్ ముందు బావ మెషిన్ మూలపడింది. కొత్తదాని కోసం లోన్‌కు నేనూ బావతో కలిసి సంతకం పెట్టాను. ఆ రోజు సాయంత్రంలోగా లోన్ మంజూరు కాకపోతే, మేము మాట్లాడుకున్న కొత్త మెషిన్ వేరేవాళ్లకు పోతుంది.

బ్యాంకులో మేడమ్ కంప్యూటర్ చూసి, "మీ క్రెడిట్ స్కోరు బాగా పడిపోయింది. ఈమధ్య ఏదైనా కార్డు మూసేశారా?" అని నన్ను అడిగారు.

అవునన్నాను. లోన్‌కు ముందు నా లెక్కలన్నీ శుభ్రం చేద్దామని నోటుబుక్కులో జాబితా రాసుకున్నాను. అందులో మూడోది, వాడని పాత కార్డు రద్దు. రెండు నెలల క్రితమే టిక్కు పెట్టేశాను.

"దాని పరిమితి రెండు లక్షలు. మిగిలిన కార్డుకు యాభై వేలే, అందులో నలభై వేలు వాడేశారు. పాతది ఉంటే మొత్తం పరిమితిలో ఆ నలభై వేలు చిన్న వాటా. ఇప్పుడు మీరు అప్పు మీదే బతుకుతున్నట్టు కనిపిస్తుంది. ఈరోజు మంజూరు చేయలేను," అన్నారామె.

ఇంజనీరింగ్ చదివిన నాకు ఆ చిన్న భాగహారం తట్టలేదు.

"ఏమప్పా, నువ్వుండావనే కదా ధైర్యంగా వస్తిని," అన్నాడు బావ మెల్లగా.

ఆ రోజే నలభై వేలూ కట్టేశాను. స్కోరు కోలుకుని లోన్ రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ సీజనంతా బావ పక్క షాపులో కూలికి కుట్టాడు.

ఆ ఒక్క టిక్కు పెట్టేముందు ఎవరినైనా అడిగి ఉండాల్సింది. ఇప్పటికీ నేను నోటుబుక్కు తీస్తే బావ, "ఈసారి ఏం మూసేస్తుండావప్పా?" అని నవ్వుతాడు.

అక్క మాత్రం నవ్వదు.