వంటింట్లో ఆవు, జప్తులో పేడు

మెహిటబెల్ స్ప్రౌల్‌కు నోటి దురుసు ఎక్కువ. చర్చి నుంచి వస్తూ పదిమందిలో పొరుగు పొలం ఆసామి కెప్టెన్ క్రీడ్‌ను నిలదీసి, "మా సరిహద్దు రాయి జరిపిన దొంగవి నువ్వు!" అనేసింది. అన్నది నిజమే. కానీ పెద్దమనిషికి పరువుంటుందిగా! పరువు పోయిందని మసాచుసెట్స్ కోర్టుకెక్కి తాఖీదు పుట్టించాడు. విచారణ తేలేదాకా ఆమె ఆస్తి ఏదైనా జప్తు చేయాలి, ఏమీ లేకపోతే మనిషినే జైల్లో పెట్టాలి.

ఆస్తంటే ఆ విధవరాలికి పేరుకు కాస్త పొలం, ఒక్క ఆవు. తల్లిలేని చంటి మనవరాలు కెజియా ఆ పాల మీదే బతుకుతోంది.

కానిస్టేబులు జేడక్ టిల్సన్ మంచులో వస్తుండడం చూసి, మెహిటబెల్ ఆవును వంటింట్లోకి లాగి గడియ పెట్టేసింది. ఇలాంటి దావాల్లో ఇంటి తలుపు పగలగొట్టే హక్కు కానిస్టేబులుకు లేదని ఊరందరికీ తెలుసు. ఆవుకే తెలియదు. ఒక్క అరుపు అరిచింది.

"పిన్నీ, లోపల ఎవరు?"

"మా ఆడబిడ్డ. గొంతు పట్టేసింది. పోరా!"

"పాపం, కాస్త గడ్డి పెట్టు," అంటూ జేడక్ నవ్వాపుకుని తలుపు దగ్గర వంగాడు. "ఆవు నాకొద్దు. ఏది జప్తు చెయ్యాలో తాఖీదులో లేదు. నీదంటూ ఏదో ఒకటి చాలు. తలుపు కిందనుంచి ఓ కట్టెపేడు తొయ్యి."

"నన్ను బుట్టలో వెయ్యకు!"

"దేవుడి తోడు పిన్నీ! కాళ్లు కొయ్యబారిపోతున్నాయి, కానియ్యి."

ఎంతసేపటికో ఓ పేడు బయటికొచ్చింది. జేడక్ దాన్ని గుడ్డలో చుట్టుకుని, జప్తు అయిందని రాసేశాడు.

"కట్టెపేడా? నీ ఉద్యోగం ఎట్లా ఉంటుందో చూస్తా!" అని క్రీడ్ మండిపడ్డాడు. అన్నంత పనీ చేశాడు. ఊరి సభలో జేడక్‌ను తప్పించి తన మనిషిని పెట్టించుకున్నాడు. జేడక్ పీపాలు చేసుకు బతికాడు.

జ్యూరీవాళ్లు రాయిని చూసొచ్చి ముసలిదే గెలిచిందన్నారు. జప్తు చేసిన సొత్తు తిరిగివ్వాలి కదా, జేడక్ ఆ పేడు తెచ్చి రెండు చేతులా అందించాడు. తిట్లు తప్ప ఎరగని ఆ నోరు, "నీ కడుపు చల్లగుండ, నాయనా," అని ఏడ్చేసింది. ఆనాటి నుంచి చిలికిన వెన్నలో మొదటి ముద్ద జేడక్ ఇంటికే.

చాలా ఏళ్లకు ఓ పాడు చలికాలం కట్టెలన్నీ అయిపోయాయి. పెద్దదైన కెజియా బల్ల విరిచి పొయ్యిలో పెట్టింది. అదీ కాలిపోయాక అరలో దాచిన ఆ పేడు మీద చెయ్యి వేసింది.

ముసలిది ఆ చెయ్యి పట్టుకుంది. "అది ముట్టుకోకే. నువ్వు బతికి బట్టకట్టింది దాని వల్లే. కావాలంటే నా మంచం కొట్టు."