ముందు తెలిసినవాళ్ళదే తప్పు

కరోనా రోజుల్లో డ్రెస్డెన్‌లోని మా తెలుగు ప్రార్థన కూటానికి నేనే హోస్ట్‌ని. అదేమీ పెద్ద పదవి కాదు. శుక్రవారం సాయంత్రం జూమ్ లింకు పంపాలి, ఆలస్యంగా వచ్చినవాళ్ళను లోపలికి రానివ్వాలి, ఎవరింట్లోనైనా కుక్కర్ కూస్తుంటే వాళ్ళ మైక్ ఆపాలి. కంప్యూటర్ చిప్‌ల ఫ్యాక్టరీలో పనిచేస్తాను కాబట్టి నాకు కంప్యూటర్లు బాగా వచ్చని ఈ పని నాకు అంటగట్టారు. వద్దనడానికి మొహమాటపడి ఒప్పుకున్నాను.

మా కూటంలో కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒక జంట ఉండేది. అతను బ్లూ కార్డ్ అనే ఉద్యోగ వీసా మీద వచ్చిన ఇంజనీరు. ఆ పిల్ల పెళ్ళయ్యాక వీసా కోసం ఏడాది ఎదురుచూసి, సరిగ్గా విమానాలు ఆగిపోయే ముందు వచ్చిపడింది. తెలుగు మీడియంలో చదువుకుంది, ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ నోరు పెగలదు. నన్ను అక్కా అనేది. నాలుగో నెల అని నాకే ముందు చెప్పింది.

ఇక్కడ గర్భిణులకు చేసే రక్తపరీక్షల్లో, ఒప్పుకుంటే, హెచ్ఐవీ పరీక్ష కూడా చేస్తారు. డాక్టరమ్మ అడిగితే, అందరూ చేయించుకునేదే కదా అని తలూపింది. వారం తిరిగేసరికి మళ్ళీ రమ్మన్నారు, ఉందని చెప్పారు, మందులు మొదలుపెట్టారు. డాక్టర్లు ఎవరికీ చెప్పరు. చెప్పింది ఆ పిల్లే. ఆ సాయంత్రమే, మొగుడికి అన్నం వడ్డిస్తూ చెప్పేసింది.

అతను అడిగింది ఒకే ఒక్క మాటట. "ఎవడు?"

లాక్‌డౌన్, రెండు గదుల ఇల్లు. అతనికి ఆఫీసూ ఇంట్లోనే. పొద్దున కాఫీ దగ్గర అదే మాట, మధ్యాహ్నం మీటింగుకీ మీటింగుకీ మధ్య అదే మాట. తనకు జ్వరం కూడా రాదు, తనకేం రోగం అంటాడు. ఇండియాకు ప్రత్యేక విమానాల్లో సీటు కోసం వెతుకుతున్నాడు, పుట్టింటికి పంపించేస్తానంటున్నాడు. ఇదంతా ఆ పిల్ల నాకు వాష్‌కెల్లర్ నుంచి ఫోన్ చేసి చెప్పింది. అపార్ట్‌మెంటు కింద అందరూ బట్టలు ఉతుక్కునే ఆ గదిలోకి అతను ఎప్పుడూ దిగడు. వెనక మెషిన్ తిరుగుతున్న చప్పుడు. "నాకు తెలీదక్కా, ఒట్టు, నాకేం తెలీదు" అని అదే పనిగా అంటోంది.

నాకు తెలిసినవాళ్ళలో ఈ సంగతి చెప్పుకోదగ్గ మనిషి ఒక్కరే. ఆదివారాలు నేను వెళ్ళే ఇంగ్లీషు ఆరాధన నడిపే పాస్టరు. ఆడమనిషి, జాంబియా నుంచి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. మనవాళ్ళు ఆవిడను పాస్టరమ్మ అనేవారు, అంటే పాస్టరుగారి భార్య అనుకుని, అయ్యగారు ఎప్పుడొస్తారని నన్ను అడిగేవారు. అయ్యగారు లేరు, ఆవిడే అయ్యగారని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టేది. తన దేశంలో ఏళ్ళ తరబడి ఆవిడ చేసింది ఈ పనే. ఊరూరా చర్చిలకు వెళ్ళి, హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్ళను ఇళ్ళలోంచి వెళ్ళగొట్టకుండా అడ్డుపడటం.

అప్పట్లో బయట ఒక్కరితో కలిసి నడవనిచ్చేవారు. ఎల్బే నది ఒడ్డున దూరం పాటిస్తూ నడిచాం. పేరు చెప్పకుండా సంగతి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు, అయ్యో పాపం కూడా అనలేదు. భర్త పరీక్ష చేయించుకున్నాడా అని మాత్రం అడిగింది. లేదన్నాను.

"మా దగ్గరా ఇంతే. కడుపుతో ఉన్నది ఆడది కాబట్టి ముందు పరీక్ష ఆడదానికే జరుగుతుంది. ముందు ఎవరికి తెలిస్తే వాళ్ళదే తప్పవుతుంది" అంది.

అందుకే ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. భార్య చేత ఒంటరిగా చెప్పించదు. ముందు మగవాళ్ళ కూటానికి వెళ్తుంది. పరీక్ష చేయించుకోండి అని ప్రసంగం చెయ్యదు. నేను చేయించుకోవాలి, ఒక్కదాన్నే వెళ్ళాలంటే భయంగా ఉంది, నాకు తోడెవరు వస్తారు అని అడుగుతుంది. పాస్టరు భయమంటే మగవాళ్ళు కాదనలేరు. పరీక్ష కుర్చీలో ముందు ఆవిడే కూర్చుంటుంది. ఆ తర్వాత ఎవరి ఫలితం ఏమొచ్చినా, ఎలా వచ్చిందని ఎవర్నీ అడగకూడదు. అది ఆవిడ పెట్టిన షరతు.

కరోనా వచ్చాక అందరూ సమానమైపోయారు కదా, అందర్నీ దూరం పెడుతున్నారు కదా అని నేను ఏదో అన్నాను. ఆవిడ నడక ఆపింది. "కరోనా వచ్చినవాళ్ళని ఎక్కడ అంటుకుందని అడుగుతారు. ఎవరితో అని అడగరు" అంది. మళ్ళీ నడిచాం.

ఆ శుక్రవారమే అసలు గండం ముంచుకొచ్చింది. కూటం మొదలయ్యే ముందు మా కూటాన్ని నడిపించే పెద్దాయన ప్రార్థన మనవుల జాబితా చూసుకుంటూ నాకు ఫోన్ చేశారు. మనవుల సంగతి మనవాళ్ళకు తెలియనిది కాదు. ఎవరికి ఏ కష్టం వచ్చినా పేరుతో సహా, రోగంతో సహా పదిమందిలో చదివి, అందరూ ఆమెన్ అనాలి. ప్రేమతోనే చేస్తారు. ఆ పిల్ల భర్త ఆయనకు మెసేజ్ పెట్టాడట, భార్య రక్తంలో హెచ్ఐవీ అని తేలింది, ప్రార్థించండని. ఆ మాట బయటకు రానివ్వొద్దని బతిమాలాను.

"దేవుడి దగ్గర దాపరికం ఏంటమ్మా? సరేలే, పేరు చెప్పన్లే" అన్నారాయన.

పేరు చెప్పలేదు. పాటయ్యాక గొంతు సవరించుకుని, మనలో గర్భవతిగా ఉన్న ఒక సోదరి అని మొదలుపెట్టారు. మా కూటం మొత్తానికి గర్భవతి ఒక్కతే. తెరమీద ఆ చిన్న చదరంలో ఆ పిల్ల మొహం నాకు కనిపిస్తోంది. పక్కన అతను తలవంచుకుని కూర్చున్నాడు. రక్తపరీక్షలో, అన్నారు పెద్దాయన. నేను ఆయన మైక్ ఆపేశాను. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఆయన మళ్ళీ మైక్ తెరిస్తే ఏం చెయ్యాలో తోచక మీటింగే మూసేశాను. నెట్ పోయిందని గ్రూపులో మెసేజ్ పెట్టాను. జర్మనీలో నెట్ మీద నింద వేస్తే ఎవరూ అనుమానించరు. పెద్దాయనకు ఫోన్ చేసి మాత్రం, వయసులో పెద్దవారని కూడా చూడకుండా నిప్పులు చెరిగాను. ఆ మనవి మళ్ళీ ఎప్పుడూ చదవలేదు.

అయితే ఇంకెన్నాళ్ళు ఆగుతుంది? అతనే మరొకరికి చెప్తాడు. ఆ పిల్లను అడిగి, ఒప్పించి, పాస్టరుగారితో మాట్లాడించాను. మధ్యలో నేను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అటూ ఇటూ చెప్పాను. ఆ తర్వాత ఆవిడ అతనికి ఫోన్ చేసింది. ఏం వాదించిందో అనుకున్నాను. ఏమీ వాదించలేదట. నేను పరీక్ష చేయించుకుందామనుకుంటున్నాను, తోడు వస్తావా అని అడిగిందట. అతను వెంటనే ఒప్పుకున్నాడు. తనకేమీ లేదని కాగితం మీద చూపించి పెళ్ళాన్ని పంపెయ్యొచ్చని అతని లెక్క. ఆ లెక్క ఆవిడకూ తెలుసు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడం ఇంకో గోల. ఊరి ఆరోగ్య కార్యాలయం వాళ్ళంతా కరోనా ఫోన్లలో మునిగి ఈ పరీక్షలు ఆపేశారు. పొద్దున షిఫ్టుకు వెళ్తూ ఫోన్, బ్రేక్‌లో ఫోన్. చివరికి ఒక చిన్న సలహా కేంద్రంలో దొరికింది, అదీ పై వారానికి. ఈలోగా అతనికి విమానంలో సీటు దొరికింది. పరీక్ష రోజు తర్వాత రెండు రోజులకే ఆ పిల్ల ప్రయాణం.

ఆ రోజు నలుగురం వెళ్ళాం. రావద్దన్నా ఆ పిల్ల వచ్చింది. లోపలికి ఒక్కొక్కరే వెళ్ళాలి, మిగతావాళ్ళు పెరట్లో చలిలో నిలబడాలి. చెప్పినట్టే పాస్టరుగారు ముందు వెళ్ళింది. తర్వాత నేను. వేలి మీద సూది, కాసేపు కూర్చోబెట్టి ఫలితం. పెళ్ళై పిల్లలున్న మనిషిని, నాకేం భయమని అనుకున్నాను గానీ ఆ కాసేపూ నా చెమట నాకే తెలిసింది. తర్వాత అతను వెళ్ళాడు.

అప్పటిదాకా దిగమింగుకున్న మాట అప్పుడు అడిగాను. అతనికి లేదని వస్తే? ఆ పిల్లకు ఎప్పుడో సూదితోనో ఎక్కించిన రక్తంతోనో వచ్చి ఉండొచ్చు, అతను వింటాడా? మనమే అతని చేతికి కత్తి ఇచ్చినట్టు కాదా?

"అప్పుడు మన పని ఇంకా కష్టం" అంది పాస్టరుగారు. "అయినా ఆమెను మనం అడగం. ఆ విమానం ఎక్కనివ్వం." గొంతు మామూలుగానే ఉంది గానీ ఫ్లాస్కు మూత బిగించి, మళ్ళీ తీసి, మళ్ళీ బిగించింది. ఆవిడ భయపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

అతను బయటకు రావడానికి మాకన్నా చాలా ఎక్కువసేపు పట్టింది. మాస్కు సరిచేసుకుంటూ మెట్లు దిగాడు. మా ఎవరి వంకా చూడలేదు. భార్య ముందు నిలబడి, "నాకూ ఉందంట. పక్కా చేసుకోడానికి రక్తం తీసుకున్నారు. చాన్నాళ్ళుగా ఉండొచ్చంటున్నారు" అన్నాడు.

ఆ పిల్ల ఏడవలేదు. అతని జాకెట్ జిప్పు పైకి లాగింది, చలిగా ఉందని.

పాస్టరుగారు అతనికి నెమ్మదిగా చెప్పింది. మందులున్నాయి, బాగుంటావు, బిడ్డకు రాకుండా చూసుకోవచ్చు, ఇది ఎలా వచ్చిందని మేమెవరం నిన్ను అడగం. నాకు కోపం వచ్చింది. పెళ్ళాన్ని ఊపిరాడనివ్వకుండా రోజూ అడిగినవాడికి ఇంత మర్యాదా? అడగాలని నోటిదాకా వచ్చింది. షరతు గుర్తొచ్చి పళ్ళు బిగబట్టాను.

నలుగురం ట్రామ్ స్టాప్‌కు నడిచాం. అక్కడ ఆ పిల్ల అతనివైపు తిరిగింది.

"నన్ను రోజూ అడిగారు కదండీ," అంది. "ఇప్పుడు నేనడగొచ్చా?"

ఏమంటోందని పాస్టరుగారు నావైపు చూసింది. ఇన్నాళ్ళూ ఆ పిల్లకూ ఆవిడకూ మధ్య నేను చేసిన పనే, ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ అతనివైపు తిరిగి, "ఆమె అడగొచ్చు. ఆమె ఒక్కతే" అంది.

ట్రామ్ వచ్చింది. మేమిద్దరం ఎక్కాం, వాళ్ళు ఎక్కలేదు. తలుపులు మూసుకున్నాక కిటికీలోంచి చూశాను. అతను బెంచీ మీద కూర్చుని, తలవంచుకుని ఏదో చెబుతున్నాడు. ఆ పిల్ల కూర్చోలేదు. ఎదురుగా నిలబడి వింటోంది.